వాన పడితే ఎక్కడికెళ్లాలి? బ్లాక్‌పూల్ వింటర్ గార్డెన్స్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మాంచెస్టర్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ల ఇళ్లకు ఇండియా నుంచి అమ్మానాన్నలో అత్తమామలో వచ్చారంటే, ఇంగ్లండ్ వాయవ్య తీరంలో సముద్రం ఒడ్డునున్న బ్లాక్‌పూల్‌కు ఒక రోజు ప్రయాణం దాదాపు ఖాయం. పులిహోర డబ్బాలు, నాలుగు గొడుగులు, పార్కింగ్ దొరుకుతుందో లేదో అన్న టెన్షన్. టవర్ ఎక్కుతారు, ఇసుకలో గాడిదల మీద పిల్లల్ని కూర్చోబెట్టి ఫొటోలు తీస్తారు, చలికి వణికి కారెక్కేస్తారు. 1878 నుంచి ఉన్న వింటర్ గార్డెన్స్ అక్కడికి కూతవేటు దూరంలోనే ఉంటుంది. చాలామంది దాన్నొక పాత సినిమా హాలనుకుని ముందు నుంచే నడిచి వెళ్లిపోతారు. మా ఇంటికి వచ్చిన చుట్టాలు అడిగిన ప్రశ్నలకు నాకు తోచిన ప్రశ్నలు కొన్ని కలిపి, జవాబులు రాస్తున్నాను.

వింటర్ గార్డెన్స్ అంటే పూలతోటా?

పేరు పెట్టినప్పుడు అదే ఉద్దేశం. పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండ్‌లో 'వింటర్ గార్డెన్' అంటే ఇనుప చట్రం మీద అద్దాలు కప్పి, లోపల తాటి జాతి చెట్లూ ఫెర్న్ మొక్కలూ పెంచే పెద్ద హాలు. చలికాలంలోనూ అందులో పచ్చగా ఉంటుంది. బయట వాన పడుతుంటే లోపల షికారు చేయొచ్చు, బ్యాండ్ వినొచ్చు. బ్లాక్‌పూల్‌లో మొదట కట్టినవాటిలో ఫ్లోరల్ హాల్ ఒకటి. ఈ రోజుకీ గాజు కప్పు కింద ఆ హాలు ఉంది. పేరులో తోట ఉండిపోయింది కానీ ఇప్పుడది నాటకశాల, డ్యాన్స్ హాలు, కచేరీ వేదిక, సభా భవనం, అన్నీ కలిసిన ఒక పెద్ద లోగిలి. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి నడుస్తూ పోతే దారి తప్పడం ఖాయం.

బ్లాక్‌పూల్ అంటే నల్ల గుంట అనేనా అర్థం?

అంతే. బురద నేలల మీదుగా పారి వచ్చిన నల్లటి నీళ్లు సముద్రంలో కలిసే చోటు కాబట్టి ఆ పేరు. మా మామయ్యగారు ఇది విని, "మన నల్లకుంట లాగా అన్నమాట" అన్నారు. అంతకన్నా బాగా నేను చెప్పలేను.

భవనం సముద్రం ఒడ్డునే ఉందా?

లేదు, ఒడ్డు నుంచి రెండు మూడు వీధులు లోపలికి నడవాలి. లోపల ఎక్కడ నిలబడినా సముద్రం కనపడదు. అది లోపమేమీ కాదు. సముద్రం చూడలేని రోజున వెళ్లడానికే దీన్ని కట్టారు.

అయితే దీన్ని ఎవరు కట్టారు? ఎందుకు?

1846లో రైలు వచ్చాక బ్లాక్‌పూల్‌కు జనం పోటెత్తారు. వచ్చినవాళ్లకు ఎదురైన మొదటి సమస్య వాన. మన విశాఖలోనో సూర్యలంకలోనో ఎండ తగ్గాక సాయంత్రం బీచ్‌కు బయల్దేరతాం. అక్కడ జులైలో కూడా పొద్దున మొదలైన ముసురు సాయంత్రం దాకా పట్టుకుని ఉండొచ్చు. గాలికి గొడుగు తిరగబడుతుంది. అద్దె గదిలో కూర్చోలేరు, ఇసుకలోకి వెళ్లలేరు. ఆ జనాన్ని లోపలికి పిలిచి కూర్చోబెట్టగలిగితే అదే వ్యాపారం.

స్థానిక వ్యాపారులు 1875లో ఒక కంపెనీ పెట్టి, ఊళ్లోని డాక్టర్ కాకర్ అనే పెద్దమనిషి ఎస్టేటు కొన్నారు. ఓల్డమ్ వాస్తుశిల్పి థామస్ మిచెల్ నమూనా గీశాడు. 1878 జులై 11న లండన్ లార్డ్ మేయర్ వచ్చి ప్రారంభించాడు. ఫ్లోరల్ హాల్, పెవిలియన్, చక్రాల బూట్లతో తిరిగే స్కేటింగ్ రింక్, ఇవన్నీ అప్పటివే. ఆ మరుసటి ఏడాది, అంటే 1879లో, ఊరు ఎనిమిది కరెంటు ఆర్క్ దీపాలు వెలిగించి జనాన్ని పోగుచేసింది. ఇప్పుడు మనం చూడ్డానికి వెళ్లే ఇల్యూమినేషన్స్‌కు, అంటే ఒడ్డు పొడుగునా వెలిగించే దీపాల పండగకు, మూలం అదే. ఎండ లేకపోతే వెలుగు, వెచ్చదనం అమ్ముకోవచ్చని ఆ ఊరు తొందరగానే కనిపెట్టింది.

మొదట్లో ఎలాంటివాళ్లు వచ్చేవారు?

కంపెనీ పెట్టినవాళ్లు ఆశించింది కాస్త డబ్బున్న, మర్యాదస్తులైన కుటుంబాలను. రైల్లోంచి దిగింది మాత్రం మిల్లు కూలీలు.

లాంకషైర్‌లోని ఒక్కో నూలు మిల్లు ఊరు ఏడాదిలో ఒక వారం పూర్తిగా మూతపడేది. దాన్ని 'వేక్స్ వీక్' అనేవాళ్లు. ఈ వారం ఒక ఊరు, వచ్చే వారం ఇంకో ఊరు. యంత్రాలు ఆపి బాయిలర్లు శుభ్రం చేసుకునేవాళ్లు, జనం మొత్తం రైలెక్కేవాళ్లు. మన దగ్గర సంక్రాంతికి హైదరాబాద్ ఖాళీ అయినట్టు ఊరు ఖాళీ. అయితే ఆ సెలవుకు జీతం ఉండేది కాదు. అందుకని ఏడాది పొడుగునా వారానికింత అని చిట్టీ కట్టినట్టు క్లబ్బుల్లో దాచుకుని, ఆ డబ్బంతా ఒక్క వారంలో ఖర్చు పెట్టేసేవాళ్లు.

అద్దె గదుల లెక్కలు చదివితే నవ్వొస్తుంది. కూరగాయలూ మాంసమూ అద్దెకున్నవాళ్లు తెచ్చుకుంటే ఇంటావిడ వండిపెట్టేది. బల్ల మీద ఉప్పు, మిరియాల సీసాలు పెట్టినందుకు వేరే చార్జీ. 'క్రూయెట్ వాడకం' అని బిల్లులో విడిగా రాసేదట. పగలంతా గదిలో ఉంటే ఊరుకునేది కాదు, బయటికి పొమ్మనేది. బయట వాన. ఇంక ఎక్కడికెళ్తారు?

సారా బెర్నార్డ్ కోపంగా స్టేజీ దిగిపోయిందన్న కథ నిజమేనా?

ఊళ్లో చెప్పుకునే కథల్లో నాకు బాగా నచ్చింది ఇదే. 1882లో పారిస్ నుంచి ఆ మహానటిని రప్పించారు. హాలేమో షికారు చేస్తూ బ్యాండ్ వినడానికి కట్టింది, నాటకానికి పనికొచ్చేది కాదు. పైగా ఆవిడ మాట్లాడేది ఫ్రెంచి. వెనకవాళ్లకు మాట వినపడలేదు, వినపడ్డవాళ్లకు అర్థం కాలేదు. "గట్టిగా చెప్పమ్మా" అన్న ధోరణిలో జనం అరుపులు మొదలుపెడితే ఆవిడ చరచరా వెళ్లిపోయింది. నాటకానికి వేరే హాలు కావాలని యాజమాన్యానికి ఆ దెబ్బతో తెలిసొచ్చింది. ఏడేళ్లకు, 1889లో, ఫ్రాంక్ మ్యాచమ్ అనే పేరుమోసిన థియేటర్ నిపుణుడితో మొదటి ఆపెరా హౌస్ కట్టించారు.

తివాచీ మీద ఉమ్మేయడానికి రమ్మని ప్రకటన ఇచ్చింది ఎవరు?

బిల్ హాలండ్. లండన్‌లో మ్యూజిక్ హాళ్లు నడిపి, 1887లో ఇక్కడికి మేనేజర్‌గా వచ్చాడు. ఖరీదైన తివాచీ పరిస్తే కూలీ జనం ఉమ్మేస్తారని ఎవరో వారించారట. "రండి, బిల్ హాలండ్ గారి వంద గినీల తివాచీ మీద ఉమ్మేయండి" అని ఆయన ప్రకటన వేయించాడని చెబుతారు. ఈ కథ ఆయన లండన్ రోజుల గురించి కూడా చెబుతారు కాబట్టి ఏ హాలు తివాచీ అని పట్టుపట్టనక్కర్లేదు. పెద్దమనుషుల తోటను అందరి తోటగా మార్చింది మాత్రం ఆయనే. ఆయన చూపు సీటు మీద కాదు, గేటు దగ్గర క్యూ మీద ఉండేది.

టవర్ వాళ్లూ వీళ్లూ ఒకటేనా?

మొదట బద్ధ శత్రువులు. 1894లో టవర్ లేచింది. ఐఫిల్ టవర్ చూసి ముచ్చటపడి కట్టిన 158 మీటర్ల ఇనుప కట్టడం అది. దానికి దీటుగా 1896లో వింటర్ గార్డెన్స్ వాళ్లు ఒకేసారి రెండు బాణాలు వేశారు. మొదటిది ఎంప్రెస్ బాల్‌రూమ్. దాని నేల పన్నెండున్నర వేల చదరపు అడుగులు, అప్పటికి ప్రపంచంలోని అతి పెద్ద డ్యాన్స్ హాళ్లలో ఒకటి. రెండోది 67 మీటర్ల ఎత్తైన రంగులరాట్నం, అంటే జెయింట్ వీల్. ముప్ఫై పెట్టెలు, ఒక్కో పెట్టెలో ముప్ఫై మంది. బాల్‌రూమ్ బాణం గురి తప్పలేదు. తట్టుకోలేక టవర్ వాళ్లు తమ డ్యాన్స్ హాలును మ్యాచమ్ చేతికిచ్చి 1899లో బంగారు పూత మెరుపులతో తిరిగి కట్టించుకున్నారు. రంగులరాట్నం మాత్రం తుస్సుమంది. మరీ నెమ్మది, ఒక్క చుట్టు తిరగడానికే బోలెడంత సేపు పట్టేది. ఒకసారి ఎక్కినవాడు రెండోసారి ఎక్కలేదు.

చివరికి 1928లో టవర్ కంపెనీయే వింటర్ గార్డెన్స్‌ను కొనేసింది. రాట్నాన్ని ఆ ఏడాదే విప్పి పారేసి, 1930లో ఆ స్థలంలో ఒలింపియా అనే హాలు కట్టింది.

టీవీలో వచ్చే డ్యాన్స్ పోటీ ఇక్కడేనా?

కాదు. 'స్ట్రిక్ట్లీ' కార్యక్రమం బ్లాక్‌పూల్ వారంలో మీరు చూసేది టవర్ బాల్‌రూమ్. అయితే బాల్‌రూమ్ డ్యాన్స్‌ను వృత్తిగా పెట్టుకున్నవాళ్లను అడగండి, వాళ్లకు బ్లాక్‌పూల్ అంటే ఎంప్రెస్ బాల్‌రూమే. 1920లో మొదలైన బ్లాక్‌పూల్ డ్యాన్స్ ఫెస్టివల్ అక్కడే జరుగుతుంది. ఏటా మే నెలలో జపాన్, చైనా, ఇటలీ, రష్యా నుంచి జంటలు వస్తాయి. మన సంగీత విద్వాంసులకు మద్రాసు డిసెంబరు సీజన్ ఎలాగో, వాళ్లకు ఆ చెక్క నేల అలాగ. ఆ రోజుల్లో ఊళ్లో కాఫీ షాపుల నిండా మెరిసే జాకెట్లు, జుట్టుకు గట్టిగా జెల్ రాసుకున్న కుర్రాళ్లు, చేతిలో బూట్ల సంచులు. బయట నడిచే బూట్లతో ఎవరూ ఆ నేల తొక్కరు.

యుద్ధాలప్పుడు మూసేశారా?

తాళం వేసి ఊరుకోలేదు, వేరే పనులకు వాడుకున్నారు. మొదటి యుద్ధం చివర్లో, 1918లో, నౌకాదళం ఎంప్రెస్ బాల్‌రూమ్‌ను తీసుకుంది. ఆర్33 అనే ఎయిర్‌షిప్‌కు కావలసిన గ్యాస్ సంచులను ఆ నేల మీద పరిచి తయారుచేశారు. స్తంభాలు అడ్డులేని అంత వెడల్పైన నున్నటి నేల ఇంకెక్కడ దొరుకుతుంది? రెండో యుద్ధంలో ఊరంతా వైమానిక దళం శిక్షణ కేంద్రమైంది. కొత్తగా చేరిన కుర్రాళ్లు ఇక్కడి హాళ్లలో కూర్చుని మోర్స్ కోడ్ నేర్చుకున్నారు.

స్పానిష్ హాల్ గురించి అందరూ ఎందుకంతగా చెబుతారు?

ఒకసారి లోపల నిలబడితే తెలుస్తుంది. తలెత్తితే గోడల పైభాగాన, కప్పు వంపు తిరిగే చోట, స్పెయిన్ పల్లెలు కనిపిస్తాయి. కొండ మీద చిన్న చిన్న ఇళ్లు, కోట బురుజులు, మెట్ల దారులు, అన్నీ ప్లాస్టర్‌తో చేసి రంగులు వేసినవే. దీపాలు కాస్త తగ్గిస్తే అక్కడేదో ఊరు సాయంత్రం పూట వెలుగుతున్నట్టు ఉంటుంది. పక్కనే బారోనియల్ హాల్, పాత జమీందారు కోటలా నల్లటి దూలాలతో గంభీరంగా కనిపిస్తుంది. దూలాన్ని వేలితో తట్టి చూడండి, బోలుగా మోగుతుంది. అదీ ప్లాస్టరే. ఇంకోటి పాత ఓడ లోపలి భాగంలా ఉండే గ్యాలియన్ బార్. 1930-31లో ఇవన్నీ చేసినవాడు ఆండ్రూ మజ్జె. సినిమా సెట్లు వేసే కళా దర్శకుడాయన. అందుకే ఆ గదుల్లో నడుస్తుంటే ఏ మూలో కెమెరా పెట్టి ఉందేమో అనిపిస్తుంది.

ఇక్కడ మనవాళ్లకు ఒక మాట చెప్పాలి. ఆ ప్లాస్టర్ స్పెయిన్ కొత్తగా మెరుస్తున్న రోజుల్లోనే, 1931 సెప్టెంబరులో, గాంధీగారు లాంకషైర్‌లోని డార్వెన్ వచ్చారు. విదేశీ వస్త్ర బహిష్కరణ వల్ల పని పోయిన మిల్లు కార్మికులను చూడ్డానికి. ఆయన చుట్టూ మిల్లు ఆడవాళ్లు చేతులెత్తి కేరింతలు కొడుతున్న ఫొటో మీరు చూసే ఉంటారు. మన ఊళ్లలో మిల్లు బట్టలు మంటల్లో పడితే ఆ సెగ తగిలింది వేక్స్ వీక్‌కు బ్లాక్‌పూల్ వచ్చే ఈ జనానికే. అంతకు ముందు వందేళ్లు వాళ్ల మిల్లులు మన చీరాల, మచిలీపట్నం వైపు మగ్గాలను ఏం చేశాయో కూడా మనకు తెలుసు. ఏ పక్కన నిలబడి చూసినా ఆ ఫొటోలో నవ్వులు తేలిగ్గా అర్థమయ్యేవి కావు.

ఇప్పుడున్న ఆపెరా హౌస్ 1889 నాటిదేనా?

కాదు, మూడోది. 1910-11లో ఒకసారి, 1938-39లో మళ్లీ కట్టారు. 1939 జులై 14న నటి జెస్సీ మాథ్యూస్ ప్రారంభించింది. 2,813 సీట్లు, అప్పటికి ఐరోపాలోనే అతి పెద్ద థియేటర్లలో ఒకటి. మరో ఏడు వారాలకు యుద్ధం మొదలైంది. ఆ ఏడాదే అక్కడ బిగించిన వర్లిట్జర్ ఆర్గన్ (థియేటర్లలో వాయించే పెద్ద వాద్యం) బ్రిటన్‌లో కొత్తగా పెట్టినవాటిలో ఆఖరిది. 1955 ఏప్రిల్ 13న రాణి ఎలిజబెత్ సమక్షంలో రాయల్ వెరైటీ ప్రదర్శన ఇక్కడ జరిగింది. లండన్ దాటి ఆ ప్రదర్శన బయటికి రావడం అదే మొదటిసారి. ఫ్రాంక్ సినాట్రా కూడా 1950లలో ఈ స్టేజీ మీద పాడాడు.

రోలింగ్ స్టోన్స్ రాక్ బృందాన్ని ఊళ్లోకి రానివ్వలేదట, ఏం జరిగింది?

1964 జులై 24, శుక్రవారం రాత్రి, ఎంప్రెస్ బాల్‌రూమ్. అది గ్లాస్గో వాళ్ల సెలవుల కాలం కావడంతో ఊరి నిండా స్కాట్లండ్ కుర్రాళ్లు, పొద్దుటి నుంచి తాగి ఉన్నారు. హాల్లో ఏడు వేల మంది దాకా కిక్కిరిసి ఉన్నారని అప్పటి వార్తలు. స్టేజీ ముందు నిలబడ్డ ఒక గుంపు పాడేవాళ్ల మీద ఉమ్మడం మొదలుపెట్టింది. (తివాచీ కథ గుర్తొచ్చిందా?) బృందంలోని గిటారిస్టు కీత్ రిచర్డ్స్ ముందు హెచ్చరించాడు, తర్వాత స్టేజీ అంచుకు వచ్చి ఒకణ్ని బూటు కాలితో తన్నాడు. ఇక ఆపడం ఎవరి తరం కాలేదు. బృందాన్ని వెనక నుంచి తప్పించారు. జనం స్టేజీ ఎక్కి డ్రమ్ములు, యాంప్లిఫయర్లు ముక్కలు చేశారు. గ్రాండ్ పియానోను కిందికి తోసేశారు. షాండిలియర్లు పగిలాయి, సీట్లు చిరిగాయి, పదుల సంఖ్యలో దెబ్బలు తగిలి ఆసుపత్రి పాలయ్యారు.

కౌన్సిల్ వాళ్లు స్టోన్స్‌ను ఊళ్లో కచేరీ చేయకుండా నిషేధించారు. ఆ నిషేధం ఎత్తేసింది 2008లో. నలభై నాలుగేళ్లు! అప్పటికి ఆ కుర్రాళ్లు తాతలైపోయారు, స్టోన్స్ మాత్రం ఇంకా స్టేజీ మీదే ఉన్నారు.

ఆ తర్వాత రాక్ కచేరీలు ఆపేశారా?

రెండు రోజులు కూడా ఆగలేదు. జులై 26 ఆదివారం పక్కనే ఆపెరా హౌస్‌లో బీటిల్స్ కచేరీ. ఒకే కప్పు కింద, ఒక హాల్లో పియానో ముక్కలు ఎత్తుతుంటే ఇంకో హాల్లో టికెట్లు చింపారన్నమాట. ఆగస్టు 16న బీటిల్స్ మళ్లీ వచ్చారు. ఆ రాత్రి వాళ్లకన్నా ముందు వాయించినవాళ్లలో కింక్స్ ఉన్నారు, హై నంబర్స్ అనే కుర్ర బృందమూ ఉంది. ఆ కుర్రాళ్లే తర్వాత 'ది హూ' అయ్యారు.

1989 ఆగస్టు 12న మాంచెస్టర్ బృందం స్టోన్ రోజెస్ ఎంప్రెస్‌లో వాయించింది. మా ఆఫీసులో యాభై దాటిన ప్రతివాడూ ఆ రాత్రి అక్కడున్నానంటాడు. హాల్లో పట్టింది నాలుగు వేల మందే, ఆ లెక్క ఎప్పుడూ కుదరదు. 2004 జనవరిలో అమెరికా జంట వైట్ స్ట్రైప్స్ ఇక్కడి కచేరీలను చిత్రీకరించి డీవీడీగా విడుదల చేసింది. ఇప్పుడు ఏటా ఆగస్టులో రెబెలియన్ అనే పంక్ సంగీత ఉత్సవం భవనం మొత్తాన్ని ఆక్రమిస్తుంది. పచ్చరంగు జుట్టు నిక్కబొడుచుకున్న అరవై ఏళ్ల పెద్దమనిషి ఫ్లోరల్ హాల్లో టీ తాగుతూ కూర్చుని ఉంటాడు, చూసి తీరాలి. జులైలో డార్ట్స్ పోటీ. వరల్డ్ మ్యాచ్‌ప్లే 1994 నుంచి, 2020లో తప్ప, ఇక్కడే.

రాజకీయ నాయకులకు ఇక్కడేం పని?

సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో పార్టీల మహాసభలు. సీజన్ అయిపోయి లాడ్జీలు ఖాళీ, హాళ్లు ఖాళీ, ఊరికి ఆ బేరం బాగా కలిసొచ్చింది. 1963 అక్టోబరులో ప్రధాని మాక్మిలన్ ఆసుపత్రిలో ఉండి రాజీనామా కబురు పంపితే, దాన్ని చదివి వినిపించింది ఇక్కడి కన్సర్వేటివ్ సభలోనే. ఆ నాలుగు రోజులూ వారసత్వం కోసం హోటళ్ల వరండాల్లో జరిగిన మంతనాలు మనకేం కొత్త కాదు. 2002లో లేబర్ సభకు బిల్ క్లింటన్ వచ్చి, రాత్రి ఊళ్లో మెక్‌డొనాల్డ్స్‌కు వెళ్లాడు. ఆయన ప్రసంగం కన్నా ఆ బర్గర్ కథే ఊళ్లో ఎక్కువమందికి గుర్తు. తర్వాత పెద్ద పార్టీలు మాంచెస్టర్, బర్మింగ్‌హామ్ లాంటి నగరాలకు వెళ్లిపోయాయి.

ఇంత వైభవం ఎందుకు తగ్గింది?

విమానం వల్ల. 1960లు, 70లలో చవక ప్యాకేజీ టూర్లు వచ్చాయి. స్పానిష్ హాల్లో తలెత్తి ప్లాస్టర్ స్పెయిన్ చూసినవాళ్ల పిల్లలు అసలు స్పెయిన్‌కే వెళ్లి ఎండలో పడుకున్నారు. అదే సమయంలో నూలు మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. మిల్లే లేనప్పుడు వేక్స్ వీక్ ఏముంటుంది? సముద్రం పక్కనే జనాన్ని దింపే సెంట్రల్ స్టేషన్‌ను కూడా 1964లో మూసేశారు.

ఇప్పుడెవరిది?

ఊరిదే. చేతులు మారీ మారీ, 2010లో బ్లాక్‌పూల్ కౌన్సిల్ టవర్‌తో పాటు దీన్నీ కొంది. పక్కనే కట్టిన కొత్త సమావేశ కేంద్రం 2022లో తెరుచుకుంది. ఆ మార్చిలోనే కన్సర్వేటివ్ పార్టీ వసంతకాలపు సభకు తిరిగి వచ్చింది.

మేం వెళ్తే ఏం చూడాలి?

బ్లాక్‌పూల్ నార్త్ స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దూరం. ఏదైనా కార్యక్రమం జరుగుతుంటే కొన్ని హాళ్లలోకి రానివ్వరు, కాబట్టి ఆ రోజు ఏముందో ముందే చూసుకోండి. ఫ్లోరల్ హాల్ గాజు కప్పు కింద కాసేపు నిలబడండి. వాన పడుతుంటే ఇంకా మంచిది, పైన అద్దాల మీద చినుకుల చప్పుడు వినపడుతుంది. గొడుగు దులుపుకుని లోపలికి రండి. మా అత్తయ్యగారు అక్కడి బెంచీ మీద కూర్చుని, "హమ్మయ్య, ఇందాకే ఇక్కడికి తీసుకురావచ్చు కదా" అన్నారు.